మసర్రత్ చేసిన అంకెల గూడు

మా తొండుపల్లి దిక్కు గుడ్లు పొదిగించే పెట్టెలు పెట్టుకున్నోళ్ళు ఇప్పుడు మసర్రత్ పేరు తియ్యకుండ మాట్లాడరు. ఆ పేరు తీసెటోళ్ళల్ల సగం మంది మొదలు ఆమెను చూసి నవ్వినోళ్ళే. నేను నవ్వలె. నేను తిట్టిన. నవ్వుడు వేరు, తిట్టుడు వేరు. తిట్టినోళ్ళు తెల్లారి తలుపు కొట్టి "తిన్నవా" అని అడుగుతరు. నవ్వినోళ్ళు అడుగరు.

మసర్రత్ పుట్టింది పాతబస్తీల. తండ్రిది సైకిల్ పంక్చర్ల దుకాణం. ట్యూబు ముక్క ఏడ ఎట్ల పనికొస్తదో ఆమెకు ఆడ్నే తెల్సింది. ఘియాసుద్దీన్‌కు ఇచ్చి చేసినంక బుద్వేల్‌ల ఉన్నరు. ఆయన ఆటో నడిపి నడిపి ఏర్‌పోర్టు క్యాబ్‌కు మారిండు. క్యాబ్‌లోళ్ళు లైన్ల నిలబడి తమ వంతు కోసం కనిపెట్టుకొని ఉండాలె కదా, అందుకని దగ్గరుంటదని మా కిరాయి అర్రకు వచ్చిండ్రు.

అర్ర చూస్తానికి వచ్చిన రోజు నేను అడిగిన, "నువ్వేం పని చేస్తవమ్మా?"

"టంకం పెడ్త పెద్దమ్మా. కరెంటు బిళ్ళలకు."

"పొగ వస్తదా?"

"వస్తది. మీ కట్టెల పొయ్యి కన్న తక్కువనే వస్తది."

అప్పుడే అర్ర ఇచ్చిన. నోరున్న మనిషి ఏదున్నా బయటికి అంటది. నోరు లేనోళ్ళు లోపట్లోపట ఉడికి ఒకనాడు గిన్నె మూత ఎగిరినట్టు ఎగురుతరు.

ఆమె కొత్తూరు కాడ ఒక కంపెనీల పని చేసేది. కంపెనీ బస్సు వచ్చి తీస్కపోయేది. పెద్ద భూతద్దం కింద కూసొని, గోరంత బిళ్ళ మీద చీమ కాళ్ళంత తీగెలకు టంకం పెట్టుడు. శానా ఏండ్లు చేసింది. ఆయిన్క కంపెనీల మిషిను వచ్చింది. ఆడోళ్ళ కుర్చీలు తీసేసి, "ప్యాకింగ్‌కు పోండ్రి" అన్నరట. ప్యాకింగ్ అంటే పొద్దంత నిలబడి అట్టపెట్టెలు మడుసుడు. కొందరు పోయిండ్రు. మసర్రత్ పోలె. టంకం పెట్టే కడ్డీని పాత దుపట్టల చుట్టుకొని ఇంటికి వచ్చింది.

"నిలబడలేకనా?" అని అడిగిన.

"నిలబడ్త. నమాజ్‌ల నిలబడ్తలేనా? కాని ఈ చెయ్యికి పని వచ్చు పెద్దమ్మా. పని వచ్చిన చెయ్యితోని అట్టలు మడిస్తె, ఆ చెయ్యి నన్ను తిడ్తది."

ఇగ ఇంట్లనే డబ్బాలు చేసుడు మొదలుపెట్టింది. అంకెలు వెలిగే చిన్న లైట్లు ఉంటయి చూడు, లిఫ్టుల్ల, పెట్రోలు బంకులల్ల ఎర్రగ కనిపిస్తయి. చిన్న చిన్న పుల్లలు వెలిగి అంకె అయితది. అన్ని పుల్లలు వెలిగితె ఎనిమిది, కుడి దిక్కువి రెండే వెలిగితె ఒకటి. అవి అగ్గిపెట్టె కన్న చిన్నగ ఉంటయి. వాటి వెనుక ఉండే కరెంటు పని ఆమెకు నీళ్ళు తాగినంత సులువు. కాని ఆ అంకెల లైటును డబ్బాకు బిగించుడే ఆమె ప్రాణం తీసింది. కంపెనీల బిళ్ళ చేసి పంపుతరు గాని డబ్బాల పెట్టరు. అది వేరేటోళ్ళ పని. ఆమె ఎన్నడు చూడలె.

మొదటి డబ్బా మా బోరు మోటరుకు చేసింది, కరెంటు ఎంతొస్తుందో చూపిస్తానికి. ప్లాస్టిక్ డబ్బాకు కాల్చిన చాకుతోని కిటికీ కోసింది. అది ఎలుక కొరికినట్టు వచ్చింది. అద్దం ముక్కను చిటికెల అతికే గమ్ముతోని అంటిచ్చి మూత పెట్టింది. తెల్లారి చూస్తె అద్దం మీద తెల్లగ మబ్బు కమ్మింది. ఆ గమ్ము పొగ లోపట చిక్కుకుంటె గట్లనే అయితదట.

"మసర్రత్, నీ డబ్బా కంట్ల పువ్వేసింది. దవాఖానకు తీస్కపో," అన్న.

ఆమెకు కోపం రాలె. డబ్బా విప్పి, అద్దం పీకి పారేసి, ఇంకో తీరుగ చేసింది. అది గుడ మంచిగ రాలె. మూడోసారి అంకెల లైటును గమ్ముతోని కాదు, నాలుగు మూలలకు చిన్న మరలతోని బిగించింది. అద్దానికీ లైటుకీ జర సందు ఉండాలె అని, రాసి అయిపోయిన బాల్‌పెన్నుల గొట్టాలను గోరంత ముక్కలు కోసి మరలకు తొడిగింది. గట్ల పెడ్తె ఎవరన్న అద్దం మీద వేలు పెట్టి నొక్కినా లైటుకు దెబ్బ తగలదు. అద్దాన్ని బయటి నుంచి కాదు, లోపట్నుంచి పెట్టింది. కిటికీ కన్న అద్దం పెద్దగ ఉంటది కాబట్టి బయటికి ఊడి రాదు. చుట్టూత సైకిల్ ట్యూబు కోసి పెట్టింది, దుమ్ము, నీళ్ళు పోకుండ.

తెల్ల అద్దం పెడ్తె పగటి పూట అంకె కనిపిస్తలేదు. వెలిగిన పుల్లలు, వెలగని పుల్లలు అన్నీ ఒక్క తీరుగ పాలిపోయి ఉన్నయి. ఎర్రగున్నదేదన్న అడ్డం పెడ్తె వెలిగినయే కనిపిస్తయని ఆమెకు తెల్సు. ఎర్ర అద్దం ఏడికెల్లి తెస్తది? ఘియాసుద్దీన్ క్యాబ్‌లు నిలబెట్టే కాడ పగిలిన వెనుక లైట్ల పెంకులు ఏరుకొచ్చి ఇచ్చిండు. ఆమె వాటిని మా అరుగు మీద నీళ్ళు పోసి రాకి రాకి సాపు చేసింది. ఆ చప్పుడుకు నా పండ్లు జివ్వుమనేవి.

"గింత అంకెలకు గంత సంసారమా? ఒక ఆడపిల్ల పెండ్లి చెయ్యొచ్చు గీ కష్టంతోని," అన్న.

"ఆడపిల్ల పెండ్లి చేసిన కదా పెద్దమ్మా. మా బిడ్డ నూరీన్ పెండ్లికి కూడ గింత రాకలె," అని నవ్వింది.

ఇగ నా తమ్ముడు ఐలయ్య ముచ్చట. వాడు నాటుకోళ్ళు పెంచుతడు. మా దిక్కు కోళ్ళు సాదెటోళ్ళందరు ఐలయ్య ఏం చేస్తె అది చేస్తరు. వాడు దాణా మార్చితె వీళ్ళు మార్చుతరు, వాడు టీకా ఏపిస్తె వీళ్ళు ఏపిస్తరు. వాడు చెడిపోయిన ఫ్రిజ్ ఒకటి తెచ్చి, అందుల బల్బులు పెట్టి, గుడ్లు పొదిగించే పెట్టె చేసిండు. బల్బుల వేడి పెంచుతానికి తగ్గిస్తానికి ఫ్యాను రెగ్యులేటర్ లెక్క గుండీ పెట్టిండు. కాని లోపట ఎంత వేడి ఉందో చూడాలంటె తలుపు తెరవాలె. తలుపు తెరిస్తె ఉన్న వేడి పోతది.

నేనే అన్న, "మసర్రత్ డబ్బా పెట్టించుకోరా. తలుపు మూసే ఉంటది, బయట అంకె కనిపిస్తది."

"ఆ క్యాబాయన పెండ్లామా? ఆమె డబ్బాతోని పిల్లలు లేస్తె నేను ఊరందరికి చెప్త," అన్నడు వాడు.

మసర్రత్ ఆ మాట పట్టుకుంది. ఎందుకంటె కంపెనీ సారు మళ్ళ ఫోను చేస్తుండె. ప్యాకింగ్‌ల జాగ ఉంది, వచ్చే నెల మొదలు నుంచి వస్తవా రావా అని. ఆమె నాతోని చెప్పింది: "ఐలయ్యన్న ఇంట్ల పిల్లలు లేస్తె నలుగురు డబ్బా పెట్టించుకుంటరు. లేకపోతె నేను అట్టలు మడుస్త. గంతే పెద్దమ్మా, నడుమ ఇంకోటి లేదు."

డబ్బా పెట్టినం. ఫ్రిజ్ తలుపుకు బిగించి, లోపలికి సన్నటి తీగె పంపింది. ఎర్ర పెంకు లోపట్నుంచి ముప్పై ఏడు అని అంకె వెలిగింది. గుడ్లకు ఆ వేడే ఉండాలె. ఐలయ్య దాని ముందల తల అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుండు, కొత్త చొక్కా తొడుక్కున్నోడు అద్దం చూసుకున్నట్టు. నా మరదలు లచ్చమ్మ గుడ్లు ఏరి పెట్టింది. నేను, మసర్రత్ ఇంటికి వచ్చినం.

తర్వాత రోజు పగటీలి నేను బియ్యం చెరుగుతున్న. ఐలయ్య డబ్బా చేతుల పట్టుకొని వచ్చిండు. తీగెలు తెగి కోడి పేగుల లెక్క యాలాడుతున్నయి.

"ఏది ఆమె?" మసర్రత్ బయటికి వచ్చింది. "నీ డబ్బా అబద్ధం చెప్పింది చెల్లె! పొద్దుగాల ముప్పై ఒకటి చూపెట్టింది. చల్లబడ్డదని గుండీ తిప్పిన. మళ్ళ ముప్పై నాలుగో ఏదో కొట్టింది, ఇంక జర తిప్పి దాణాకు పోయిన. వచ్చి తలుపు తీస్తె..."

నెత్తి మీద విమానం పోతుండె. మా కాడ విమానం వస్తె మాట ఆపుకునుడు అలవాటు. కోపంల ఉన్నోడు సుత నోరు తెరిచి నిలబడ్డడు. అది పోయినంక విడిచిన కాడ్నించే అందుకుండు.

"...తీస్తె పొయ్యి ముందల నిలబడ్డట్టుంది! గుడ్లన్నీ ఉడికినయి. నిజంగ ఉడికినయి అక్కా, ఒకటి పగలగొట్టి చూసిన."

డబ్బాను అరుగు మీద పడేసిండు. "ఇగ నా గడపల గీ అంకెల లైట్లు కనిపియ్యొద్దు. అడిగినోళ్ళకు గూడ గదే చెప్త."

"చెప్పు. ముందుగాల కాళ్ళు కడుక్కొని కూసో, గింత దూరం నుంచి ఒర్లుకుంట వచ్చినవ్," అన్న నేను. వాడు కూసోలె. పోయిండు.

మసర్రత్ తెగిన తీగెలన్ని ఒక్క కాడికి కూడదీసింది. డబ్బా తీసుకొని లోపలికి పోయింది. తెగిన తీగెలకు టంకం పెట్టింది. గ్లాసుల ఉడుకు నీళ్ళు పోసి, చన్నీళ్ళు కలుపుకుంట, అందుల తన తీగె ఒకటి, జ్వరం చూసే థర్మామీటర్ ఒకటి ముంచింది. థర్మామీటర్‌ల ముప్పై ఏడు. డబ్బాల ముప్పై ఒకటి.

ఆమె మొఖం సున్నం కొట్టిన గోడ లెక్క అయింది.

"నీ డబ్బా నిజంగనే అబద్ధం చెప్తుంది కదనే," అన్న.

ఆమె మరలు విప్పి, అంకెల లైటును డబ్బాల నుంచి బయటికి తీసి చేతుల పట్టుకుంది. అప్పుడు ముప్పై ఏడు చూపెట్టింది. మళ్ళ డబ్బాల పెట్టింది. ముప్పై ఒకటి. మళ్ళ తీసింది. ముప్పై ఏడు.

"లైటు మంచిగనే ఉంది. డబ్బా మింగుతుంది," అన్నది. ఏడు నెత్తి మీద ఒక అడ్డం పుల్ల ఉంటది కదా, అది పోతె మిగిలేది ఒకటి. తొమ్మిదికి అది పోతె నాలుగు లెక్క కనిపిస్తది. ఆ నెత్తి పుల్లను ఏదో మింగుతుంది. తన కిటికీ చిన్నగ కోసిననేమో అని కొలిచింది. సరిగనే ఉంది. పెంకును పీకి, గుమ్మం కాడికి వచ్చి, ఎండకు అడ్డం పట్టింది. ఎర్రటి పెంకుల పై దిక్కు కందిబద్దంత నల్ల మచ్చ కనిపించింది. ఎండకు పట్టకపోతె ఏమీ కనిపియ్యది, ఎరుపు మీద ఎరుపే. గోరుతోని గీకింది. గోరు ఎర్రగయింది.

నాకు ఎవరూ చెప్పవల్సిన పని లేదు. వాసన చూసిన. కొబ్బరినూనె. మా లచ్చమ్మ కుంకుమల నీళ్ళు కాదు, కొబ్బరినూనె కలుపుతది, రాలిపోకుండ ఉంటదని. ఇంటికి కొత్తది ఏదొచ్చినా, మిక్సీ గానీ బండి గానీ, బొట్టు పెట్టకుండ వాడనియ్యది. ఫ్రిజ్ పెట్టెకు కూడ పెట్టింది. తలుపుకు పెట్టి ఊకోలె. వెలుగుతున్న కాడ ఒకటి పెట్టింది. ఏడు నెత్తి మీద.

నేను కొంగు దోపుకున్న. "ఉండు. పోయి కడిగేస్త దాన్ని. ఐలయ్య గాని నోరు సుత కడిగేస్త. నువ్వు దోషివి కాదని నలుగుట్ల చెప్త."

మసర్రత్ నా ముందలికి వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డది. నా ఇంట్ల నా తలుపుకు.

"పోకు పెద్దమ్మా. పోయి ఏమని చెప్తవ్? బొట్టు పెట్టుడు తప్పని చెప్తవా? నా డబ్బా కోసం బొట్టు తప్పని? వాళ్ళు బొట్టు ఉంచుకుంటరు, డబ్బా తీసేస్తరు. తియ్యాలె సుత."

"మరి ఊకుంటవా? గుడ్లు ఉడికింది నీ వల్ల కాదు కదా."

"నా వల్లనే. మా అమ్మి కొత్త కుట్టుమిషినుకు తావీజు కట్టేది. ఏడ కట్టేదో తెల్సా? తిరిగే చక్రానికి. చక్రం తిరగకపోయేది, మా బాబా రోజు విప్పేటోడు, ఆమె రోజు కట్టేది. కట్టెటోళ్ళు కడ్తరు. వెలిగే కాడికి, తిరిగే కాడికే చెయ్యి పోతది. నాకు తెల్సు. తెల్సి కూడ పెంకును అందరి చేతికి అందేటట్టు బయటికి పెట్టిన. ఎండ చూసుకున్న, నీళ్ళు చూసుకున్న, దుమ్ము చూసుకున్న. చెయ్యి చూసుకోలె."

ఇంతల ఫోను మోగింది. కంపెనీ సారు. ఆమె నా మొఖమే చూసుకుంట మాట్లాడింది: "హా సార్... తెల్సు సార్... నెల మొదలు ఇంక రాలె కదా సార్. చెప్త." ఫోను పెట్టి, విప్పిన ముక్కలన్ని ముందల ఏసుకొని కూసుంది.

మర్నాడు ఇత్తడి బిళ్ళ ఒకటి డబ్బా పైన అతికించి తెచ్చి నాకు చూపెట్టింది. "బొట్టుకు వేరే జాగ పెద్దమ్మా. ఇక్కడ పెడ్తరు, పెంకు ముట్టరు. పెట్టి చూడు."

డబ్బా వెలిగించి నా ముందల పెట్టింది. నేను కుంకుమ భరిణె తెచ్చి, కండ్లు సగం మూసుకొని, రోజు పెట్టినట్టే పెట్టిన. బిళ్ళకు ఒకటి పెట్టిన. చెయ్యి అదే దమ్ముల పోయి పెంకుకు కూడ ఒకటి పెట్టింది.

"యా అల్లా," అన్నది మసర్రత్.

"నన్నేం అనకు. వెలుగుతుంటె పెట్టకుండ ఎట్ల ఉంటం? దేవుడు ఉండేది వెలుగుతున్న కాడనే కదా," అన్న.

ఆమె తల పట్టుకొని కూసుంది. డబ్బాకు జాలీ కొట్టాలనుకున్నది. జాలీ కొడ్తె అంకె కనిపియ్యది. చేతికి అందకుండ పైన పెట్టాలనుకున్నది. పైన పెడ్తె లచ్చమ్మ పీట ఏసుకొని ఎక్కుతదని నేనే చెప్పిన. ఆ రోజు అన్నం సుత సరిగ తినలె. సాయంత్రం నేను దీపం పెడ్తుంటె ఎదురుంగ గోడకు ఆనుకొని కూసొని నా చేతినే చూస్తుండె. మా ఇంట్ల దీపం గూడు గోడల ఉంటది, మా మామ కట్టించింది. నేను వత్తి వెలిగించి, గూటికి పసుపు కుంకుమ దిద్ది, మొక్కి వెనుకకు తిరిగిన.

"పెద్దమ్మా! ఆగు. బొట్టు ఏడ పెట్టినవ్?"

"గూటికి పెట్టిన. రోజు పెడ్త కదా."

"మంటకు ఎందుకు పెట్టలె?"

"పిచ్చి లేసిందా? మంటకు ఎవరన్న పెడ్తరా? చెయ్యి కాలదా?"

"చెయ్యి కాల్తదని కాదు," అని ఆమె లేచి వచ్చి గూటి ముందల నిలబడ్డది. వేళ్ళతోని అంచు కొలిచింది. "మంట లోపలికి ఉంది. అంచు ముందలికి ఉంది. చెయ్యి ముందుగాల అంచునే ముట్టుకుంటది. అంచు కాడ్నే పని అయిపోతది. నేను వెలుగును గడప మీద పెట్టిన పెద్దమ్మా. గూట్ల పెట్టాలె."

ఇగ చూడాలె ఆమె పట్టు. నీళ్ళ పైపు ముక్క తెచ్చి, నిలువుగ కోసి, పొయ్యి సెగకు మెత్తగ చేసి, నా పీట కింద ఏసి పలక లెక్క సాపు చేసింది. పీటకు మరక పడ్డది. నేను తిట్టిన. ఆ పలకతోని కమాను ఉన్న చిన్న గూడు చేసింది, లోతు వేలు పొడుగుంత. మొదటిది వంకరయింది, పారేసింది. ఇంకోటి పొయ్యి మీదనే మాడి ఇల్లంత కంపు కొట్టింది, ఘియాసుద్దీన్ బయటికి పోయి క్యాబ్‌ల కూసున్నడు. కుదిరిన దాంట్ల అంకెల లైటును గూటి వెనుక గోడకు బిగించింది. పెన్ను గొట్టాలు, ట్యూబు ముక్క, ఎర్ర పెంకు అన్నీ లోపటనే. గూటి పైకప్పును జర ముందలికి చూరు లెక్క వంచింది. దాంతోని ఎండ పడదు, పై నుంచి నీళ్ళు పడ్డా పెంకు మీదికి రావు. లోపల వేలు పెట్టి పెంకు ముట్టాలంటె బుద్ధి పెట్టి ముట్టాలె, అలవాటుగ చెయ్యి పోదు. అంచుకు ఇత్తడి రేకు పట్టీ కొట్టింది.

నాకు పెట్టి చూడమన్నది. కండ్లు సగం మూసుకొని పెట్టిన. అంచుకు కుడి దిక్కు ఒకటి, ఎడమ దిక్కు ఒకటి, నడుమ పైన ఒకటి. ఇగ చెయ్యి దానంతటదే నమస్కారానికి లేచింది.

మసర్రత్ అంకె దిక్కు చూసి దుపట్ట సర్దుకుంది. "పద పెద్దమ్మా," అన్నది.

ఐలయ్య ఇంటికి ఇద్దరం పోయినం. నేను ముందే మాట ఇచ్చిన, నోరు తెరవనని. నా బతుకుల గంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలె.

"మళ్ళ తెచ్చినవా?" అన్నడు ఐలయ్య. "అక్కా, నీకన్న చెప్పబుద్ధి కాలేదా?"

నేను తుమ్మచెట్టు దిక్కు చూసిన.

మసర్రత్ పాత డబ్బా, కొత్త డబ్బా రెండూ మంచం మీద పెట్టింది. లచ్చమ్మను గ్లాసుల గోరువెచ్చటి నీళ్ళడిగింది. అందుల థర్మామీటర్, పాత డబ్బా తీగె రెండూ ముంచింది. "అన్నా, చూడు. నీళ్ళు ముప్పై ఏడు. నా పాత డబ్బా ఎంత చెప్తుంది?"

పెంకు తుడిచి పెట్టింది కదా. "ముప్పై ఏడు," అన్నడు వాడు, ఇష్టం లేకుండ.

"వదినా, జర కుంకుమ ఇయ్యి."

లచ్చమ్మ భరిణె ఇచ్చింది. మసర్రత్ వేలితోని తీసి, ఏడు నెత్తి మీద అద్దింది. అంకె ముప్పై ఒకటి అయింది. ఐలయ్య వంగి చూసిండు. చేత్తో గ్లాసు ముట్టి చూసిండు. మళ్ళ అంకె చూసిండు. లచ్చమ్మకు ముందే అర్థమయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓహో!" ఐలయ్య పెండ్లాం దిక్కు తిరిగిండు. "నువ్వా! నీ బొట్లు పాడుగాను, నా గుడ్లన్నీ..."

"అన్నా." మసర్రత్ గొంతు లేపలె గాని ఆ మాట చెంప మీద పడ్డట్టు పడ్డది. "వదినను ఒక్క మాట అన్నవంటె నేను డబ్బా తీస్కపోత. తప్పు వదినది కాదు. మీ ఇంట్ల బొట్టు పెడ్తరని నాకు తెల్వదా? పెద్దమ్మ ఇంట్ల ఉంటున్న. బొట్టు పెట్టెటోళ్ళ ఇంటికి బొట్టు ఆగని డబ్బా చేసి ఇచ్చిన. తప్పు నాది. దిద్దుకొని తెచ్చిన. చూస్తవా, చూడవా?"

ఐలయ్య మంచం మీద కూసున్నడు. మా తమ్ముడు కూసున్నడంటె సగం ఒప్పుకున్నట్టే. చిన్నప్పట్నించి గంతే వాడు.

కొత్త డబ్బా వెలిగించింది. గూట్ల ఎర్రగ అంకె వెలిగింది, నట్టింట్ల దీపం పెట్టినట్టు. "వదినా, పెట్టు," అన్నది మసర్రత్.

లచ్చమ్మ చేతులు కొంగుల దాచుకుంది. "నేను పెట్ట చెల్లె. మళ్ళ ఏమన్న అయితె."

"నువ్వు పెట్టకపోతె నేను బిగియ్య. నీ చెయ్యి ఆగుతదా లేదా అని చూస్తానికే గింత దూరం వచ్చిన."

లచ్చమ్మ వేలు కుంకుమల ముంచింది. నేను తుమ్మచెట్టును వదిలేసి ఆమె వేలునే చూసిన. వేలు గూటి దాకా పోయింది. అంచుకు అటు ఇటు పెట్టింది, పైన పెట్టింది, కండ్లు మూసుకొని మొక్కింది. చెయ్యి లోపలికి పోలె. లోపట ముప్పై ఏడు ముప్పై ఏడు లెక్కనే ఉంది.

"బిగియ్యి మరి," అన్నడు ఐలయ్య. "కాని గుడ్లు ఏడియి? ఉన్నయి ఉడికినయి."

"నేనిస్త," అన్నది లచ్చమ్మ. తన బొల్లికోడి కింద పొదగ పెడ్తానికి బియ్యం డబ్బాల దాచుకున్న గుడ్లు తెచ్చింది. కోడి దగ్గర తీసిన గుడ్లు ఆడది ఊరికెనే ఇయ్యది. ఐలయ్య లేచి ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టిండు.

పిల్లలు లేసే దాకా మసర్రత్ ఇంకో డబ్బా చెయ్యలె. నలుగురు అడుగుతనే ఉన్నరు, ఐలయ్య ఇంట్ల మళ్ళ పెట్టిండ్రని తెల్సి. "ముందుగాల అక్కడ లేవనియ్యి," అనేది. నడుమ రోజుల్ల పోయి చూసి వచ్చేది. ఒకసారి గూట్ల సాలెపురుగు గూడు కట్టిందని, చూరు ఒంపు మార్చింది. ఒకసారి బల్లి దూరిందేమో అని అంచు కింద సందును ట్యూబు ముక్కతోని మూసింది. లచ్చమ్మ శుక్రవారం శుక్రవారం అంచు తుడిచి కొత్త బొట్టు పెట్టేది. అంకె మాత్రం ఒక్కనాడు గూడ మారలె. నెల మొదలు దగ్గరికి వచ్చింది. కంపెనీ ఫోను మోగింది, ఆమె ఎత్తలె.

ఒకనాడు పొద్దుగాల లచ్చమ్మే ఉరుక్కుంట వచ్చింది, చెప్పులు లేకుండ. "వదినా, ఏది మసర్రతు? లోపట చప్పుడు వస్తుంది!"

మేము పోయే వరకు ఐలయ్య ఫ్రిజ్ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డడు. "తెరవొద్దు, తెరవొద్దు, వేడి పోతది," అని మాకు చెయ్యి అడ్డం పెడ్తుండు, మేమేదో తెరుస్తమన్నట్టు. లోపట కిచ్ కిచ్ అని సన్నటి చప్పుడు. గూట్ల ముప్పై ఏడు.

అన్నీ లేవలె. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె కదా. కొన్ని గుడ్లు గట్లనే ఉండిపోయినయి. ఐలయ్య ముక్కు విరిచి, "అన్నీ రాలేదు చెల్లె," అన్నడు.

ఇగ నేను ఇచ్చిన మాట తీరిపోయిందని నోరు తెరిచిన. "కోడి కింద పెడ్తె మాత్రం అన్నీ లేస్తయారా? మా అమ్మ కడుపుల పుట్టినోళ్ళల్ల నువ్వొక్కనివి సగం ఉడికి రాలేదా?"

లచ్చమ్మ నవ్వింది. ఐలయ్య గూడ నవ్విండు. మసర్రత్ నవ్వలె. తడి ఆరని పిల్లను అరచేతుల పెట్టుకొని, అది కాళ్ళు తన్నుతుంటె చూసుకుంట నిలబడ్డది. ఆయిన్క దాన్ని లోపట పెట్టి, తలుపు మూసి, గూట్ల అంకె మళ్ళ పైకి వచ్చే దాకా కదలలె.

ఇంటికి వచ్చే తొవ్వల ఫోను మోగింది. ఆమె ఎత్తింది.

"సలాం సార్. రాను సార్... లేదు సార్, పని దొరికిందని కాదు. పని నా దగ్గరనే ఉండె."

విమానం వచ్చింది. సారు ఇంకేమన్నడో ఆమెకు వినపడలె. పోయే దాకా ఆగి, "వినపడ్తలేదు సార్, నేను రాను, గంతే," అని ఫోను దుపట్ట కొంగుల చుట్టుకుంది. అరుగు కాడికి రాంగనే పగిలిన ఎర్ర పెంకు ఒకటి తీసుకొని నీళ్ళు పోసి రాకుడు మొదలుపెట్టింది. నా పండ్లు జివ్వుమన్నయి.

"కండ్లు పోతయే, నీడకు కూసొని రాకు," అని తిట్టి, ఆమె ముందల నీళ్ళ చెంబు పెట్టిన.